కిట్ నుంచి ఆవిరి ఇంజిన్: రాయలసీమ ఎండల్లో కట్టే, రంగు వేసే పద్ధతి

ఆవిరి రైలింజిన్ చిన్న నమూనాను ముక్కల నుంచి కట్టుకునే కిట్ తెప్పించుకున్నవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. అంతా సూచనల ప్రకారమే కట్టాను, చక్రాలు ఎందుకు బిగుసుకుపోతున్నాయి? మంచి రంగే కొన్నాను, ఇసుక చల్లినట్టు గరుకుగా ఎందుకు వచ్చింది? మొదటిదానికి కారణం పని వరుస తప్పడం. రెండోదానికి కారణం మన ఎండ.

పెట్టెలో వచ్చే సూచనల కాగితం చల్లని దేశంలో రాసింది. ఏప్రిల్‌లో అనంతపురంలోనో కర్నూలులోనో మధ్యాహ్నం రెండు గంటలకు గదిలో ఉండే వేడికి జిగురు, రంగు, ప్లాస్టిక్ మూడూ వేరే తీరుగా నడుచుకుంటాయి. గుంతకల్లులో పదిహేనేళ్లుగా ఈ కిట్లు కడుతూ నేను మార్చుకున్న పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఒకసారి పూర్తిగా చదివి, ఆ తర్వాతే పెట్టె తెరవండి.

1. ఏ కిట్‌తో మొదలుపెట్టాలి

కిట్లు మూడు రకాలు. ప్లాస్టిక్ కిట్: జిగురుతో అతికిస్తే చాలు, అలమరలో పెట్టి చూసుకునే నమూనా తయారవుతుంది. వైట్ మెటల్ కిట్: సీసంలా బరువైన పోత ముక్కలు, ఎపాక్సీతోనో (ఆరల్డైట్ వంటి రెండు భాగాలు కలిపే జిగురు) తక్కువ వేడి టంకంతోనో కలపాలి. ఇత్తడి రేకు కిట్: రసాయనంతో గీతలు చెక్కిన పలుచని రేకులు, వాటిని మడిచి టంకం వేయాలి. చివరి రెండిటికీ మోటారు, చక్రాలు విడిగా కొనవలసి రావచ్చు. ఆర్డరు పెట్టే ముందు అందులో ఏమేమి వస్తాయో తప్పకుండా చదవండి.

మొదటిసారి ప్లాస్టిక్ తీసుకోండి. డాపోల్ వాళ్ల చిన్న నాలుగు చక్రాల పగ్ ఇంజిన్ వంటిదైతే వారంలో పూర్తవుతుంది, పనిలోని మెలకువలు చాలావరకు తెలిసిపోతాయి. రెవెల్ వాళ్ల బిగ్ బాయ్ (అమెరికా భారీ ఇంజిన్) మీద మనసు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో చక్రాలు, వాటిని కలిపే రాడ్లు చాలా ఎక్కువ. అది మూడో కిట్టో నాలుగో కిట్టో కావాలి.

కొలతల గురించి ఒక మాట. మన బ్రాడ్‌గేజిలో పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. దాన్ని 1:87కు, అంటే 87వ వంతుకు కుదిస్తే 19.3 మి.మీ. వస్తుంది. ఎక్కువగా దొరికే నమూనా పట్టాల మధ్య దూరమేమో 16.5 మి.మీ. అది 1435 మి.మీ. గేజికి సరిపోయే లెక్క. అందుకే మన బ్రాడ్‌గేజి డబ్ల్యూపి రకం ఇంజిన్‌ను ఆ పట్టాల మీద నిలబెడితే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలుచున్నట్టు కనిపిస్తుంది. మీటరుగేజి వైపి, వైజి రకం ఇంజిన్లకు ఈ ఇబ్బంది లేదు. 1:87కు 11.5 మి.మీ. వస్తుంది, 12 మి.మీ. పట్టాలు దొరుకుతాయి. గుంతకల్లు నుంచి హుబ్లీకి, నంద్యాల మీదుగా గుంటూరుకు వెళ్లే లైన్లు ఒకప్పుడు మీటరుగేజే కాబట్టి మన ప్రాంతపు నమూనా కట్టాలనుకునేవారికి ఇది మంచి దారి. అయితే మొదటి కిట్‌కే మన ఇంజిన్ కావాలని పట్టుబట్టకండి. ముందు చేయి తిరగనివ్వండి.

2. పని బల్ల

బల్ల మీద సమతలంగా ఉండే గట్టి పలక ఒకటి కావాలి. మనకు దాని కోసం వెతకాల్సిన పని లేదు. పాలిష్ పట్టిన కడప బండ ముక్క, అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఏ బండల దుకాణంలో అడిగినా ఇస్తారు. అరుగు వేయగా మిగిలిన ముక్కయినా సరే.

తెచ్చుకునే ముందు దాని సమతలం పరీక్షించాలి. స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి బండ మీద అడ్డంగా, నిలువుగా, మూల నుంచి మూలకు పెట్టి వెనక నుంచి వెలుతురు చూడండి. ఎక్కడైనా సన్నని వెలుగు గీత కనిపిస్తే వేరే ముక్క తీసుకోండి. చట్రం సరిగ్గా వచ్చేదీ వంకర పోయేదీ ఈ పలక మీదే ఆధారపడి ఉంటుంది.

నీళ్ల సంగతి కూడా ముందే చూసుకోవాలి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కడిగిన ముక్క ఆరితే తెల్లని మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ మీద రంగు నిలవదు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చి పెట్టుకోండి.

కొనవలసినవి, సిద్ధం చేసుకోవలసినవి:

☐ కడప బండ పలక, దాని మీద వేయడానికి సన్‌మైకా ముక్క
☐ చిన్న మూలమట్టం, స్టీలు స్కేలు
☐ పదునైన కత్తి, అదనపు బ్లేడ్లు, ముక్కలు కత్తిరించే చిన్న కటింగ్ ప్లయరు
☐ సన్నని ఆకురాళ్లు, 400 నుంచి 2000 దాకా నీటి గరుకు కాగితాలు
☐ పట్టుకారు రెండు, చేతి డ్రిల్, సన్నని బిట్లు
☐ ద్రవ ప్లాస్టిక్ సిమెంటు, సూపర్ గ్లూ, ఆరల్డైట్, ఫెవికాల్
☐ రబ్బరు బ్యాండ్లు, బట్టలు ఆరేసే క్లిప్పులు, మాస్కింగ్ టేపు
☐ రంగు వేసేటప్పుడు పెట్టుకునే ఫిల్టరు మాస్కు (మూతికి కట్టుకునే గుడ్డ చాలదు)

3. పెట్టె తెరిచిన రోజు

ఆ రోజు ఏదీ అతికించకండి. ముక్కలన్నీ లెక్కపెట్టి, కాగితంలోని బొమ్మతో సరిచూసుకుని, లేనివి రాసుకోండి. ముక్కలను అవి అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి విడదీయవద్దు. అంకెలు ఫ్రేము మీద ఉంటాయి, విడదీస్తే ఏది ఏదో తెలియదు.

తర్వాత ఫ్రేముతో సహా గోరువెచ్చని నీళ్లలో, పాత్రలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, మెత్తని బ్రష్షుతో కడగండి. అచ్చుకు పూసిన జిడ్డు పోతుంది. చివరి కడుగు డిస్టిల్డ్ నీళ్లతో. ఫ్యాను గాలికి కాకుండా, మూత వేసిన ట్రేలో ఆరనివ్వండి.

వేసవిలో వచ్చిన పార్సిల్‌లో ఒక ఇబ్బంది తరచుగా ఉంటుంది. ఎండలో నిలబడిన వ్యానులో ఉండి ఉండి పొడవాటి పలుచని ముక్కలు, ముఖ్యంగా పక్క నడకబాట పలకలు, వంగిపోతాయి. అలాంటి ముక్కను వేడి నీళ్లలో ముంచండి. చేయి పెట్టలేనంత వేడి చాలు, మరిగే నీళ్లు వద్దు. అర నిమిషం తర్వాత తీసి, కడప బండ మీద పరిచి, పైన స్టీలు స్కేలు పెట్టి చల్లారేదాకా నొక్కి ఉంచండి. ఒకసారికి రాకపోతే మళ్లీ చేయండి. చేత్తో వెనక్కి విరిచి సరిచేయబోతే ముక్క తెల్లబారి విరుగుతుంది.

4. చట్రం: ఇక్కడ తొందర పడకండి

బాయిలరు గుండ్రంగా, అందంగా ఉంటుంది కాబట్టి అందరి చేయీ ముందు దాని మీదికే పోతుంది. చట్రం పూర్తయి, చక్రాలు తిరిగి, తృప్తి కలిగేదాకా బాయిలరును పెట్టెలోంచి తీయకండి. బాడీ అతికించాక చట్రంలో తప్పు బయటపడితే సరిచేసే దారి ఉండదు.

మా పెదనాన్న లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేశారు. నేను కట్టిన మొదటి ఇత్తడి ఇంజిన్‌ను ఆయన చేతికిచ్చినప్పుడు రంగు వైపు చూడనేలేదు. వెల్లకిలా తిప్పి, చూపుడువేలితో చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పారు. సగం చుట్టు దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ పట్టేస్తోంది నాన్నా. రాడ్డు విప్పు, కారణం అక్కడే ఉంటుంది" అన్నారు. విప్పి చూస్తే కారణం అక్కడే ఉంది. ఆ వేలి పరీక్షనే ఇప్పటికీ నేను వాడుతున్నాను.

4.1 చట్రం మూలమట్టానికి సరిగ్గా ఉందా

రెండు పక్క పలకలనూ అడ్డుపట్టీలతో కలిపేటప్పుడు బండ మీద నిలబెట్టి కలపండి. ప్రతి మూలకూ మూలమట్టం పెట్టి చూడండి. తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలవండి, రెండో జతనూ కొలవండి. రెండు కొలతలూ ఒకటి కాకపోతే చట్రం ఒక పక్కకు వాలింది. జిగురు గట్టిపడక ముందే సరిచేయాలి. టంకమైతే మళ్లీ వేడి చేసి సరిచేయవచ్చు.

4.2 చక్రాలన్నీ నేలను తాకుతున్నాయా

చట్రాన్ని బండ మీద పెట్టి, ప్రతి చక్రం కిందా పలుచని కాగితపు పట్టీ దూర్చి మెల్లగా లాగండి. అన్ని చక్రాల కిందా ఒకే రకం పట్టు ఉండాలి. ఒక పట్టీ సులువుగా జారి వచ్చిందంటే ఆ చక్రం గాలిలో ఉంది. ఆ ఇరుసు రంధ్రాన్ని సన్నని ఆకురాయితో వెంట్రుకవాసి సవరించండి. ఒక్కసారికి రెండు రుద్దుల కంటే ఎక్కువ వద్దు. రుద్ది, పరీక్షించి, మళ్లీ రుద్దండి.

4.3 రాడ్డు దూరం, ఇరుసు దూరం

మోటారుతో నడిచే కిట్లలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇది. చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే కప్లింగ్ రాడ్డులో ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్యకు ఎంత దూరమో, చట్రంలో ఇరుసుల మధ్య కూడా సరిగ్గా అంతే దూరం ఉండాలి. బేరింగులను చట్రానికి శాశ్వతంగా బిగించే ముందే, రాడ్లను కొలబద్దగా పెట్టుకుని ఇరుసుల స్థానం నిర్ణయించండి. చట్రం కట్టేశాక రాడ్లు సరిపోతాయో లేదో చూద్దాం అనుకుంటే వరుస తలకిందులైనట్టే.

4.4 ఎడమకు, కుడికి పావు చుట్టు తేడా

అసలు ఇంజిన్లో రెండు పక్కల క్రాంకు పిన్నులూ (చక్రం మీద రాడ్డు తగిలే పిన్నులు) ఒకేచోట ఉండవు. ఒకవైపు పిన్ను గడియారంలో పన్నెండు దగ్గర ఉంటే, రెండోవైపుది మూడు దగ్గర ఉంటుంది. రెండూ ఒకేసారి నిర్జీవ స్థానానికి, అంటే పిస్టన్ తోసినా చక్రం తిరగని చోటికి వస్తే ఇంజిన్ బయలుదేరలేదు కాబట్టి ఈ ఏర్పాటు. రెండు సిలిండర్ల ఇంజిన్ నమూనాలో కూడా ఇదే తేడా పెట్టాలి. తేడా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండడం కంటే, అన్ని ఇరుసుల మీదా ఒకే తేడా ఉండడం ముఖ్యం. ఒక ఇరుసు 88, ఇంకోటి 92 అయితే బిగుసుకుంటుంది. అన్నీ 88 అయితే హాయిగా తిరుగుతాయి.

4.5 పట్టేస్తుంటే కారణం కనుక్కునే వరుస

మోటారు తీసేసి పరీక్షించండి. ముందు ఒకవైపు రాడ్డు మాత్రమే, రెండు ఇరుసులకు మాత్రమే తగిలించి తిప్పండి. పిన్నులు అడ్డంగా, ఇరుసులతో ఒకే గీత మీదికి వచ్చినప్పుడు పట్టేస్తే రాడ్డు కొలతకూ ఇరుసుల దూరానికీ పొత్తు కుదరలేదు. రాడ్డు రంధ్రాన్ని సన్నని రీమరుతో కొద్దిగా పెంచండి.

ఒకవైపు రాడ్డుతో చక్కగా తిరిగి, రెండోవైపు కూడా తగిలించగానే పట్టేస్తే ఆ పావు చుట్టు తేడాలో పొరపాటుంది. ఒక చక్రాన్ని ఇరుసు మీద వెంట్రుకవాసి తిప్పి చూడండి.

రెండు ఇరుసులూ కుదిరాక మూడోదాన్ని చేర్చండి. అన్నీ ఒకేసారి తగిలించి, ఎక్కడ పడుతోందో వెతకడం పగలంతా చేసినా తేలదు.

చట్రం పూర్తయిందనడానికి గుర్తులు:

☐ వేలితో తిప్పితే పూర్తి చుట్టు ఒకే తీరుగా తిరుగుతుంది
☐ అద్దం పలక ఒక చివర కొద్దిగా ఎత్తితే తనంతట తాను కిందికి దొర్లుతుంది
☐ ముందుకు, వెనక్కు రెండు వైపులా అలాగే దొర్లుతుంది
☐ మల్టీమీటరుతో చూస్తే ఎడమ చక్రాలకూ కుడి చక్రాలకూ మధ్య కరెంటు కలవడం లేదు

ప్లాస్టిక్ నమూనాకు ఇంత శ్రమ లేదు. చక్రాలన్నీ పలకను తాకితే చాలు.

5. ప్లాస్టిక్ బాడీ

ప్రతి ముక్కనూ జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూసి, అచ్చు గీతలు గీరి, అప్పుడే అతికించండి. బాయిలరు సాధారణంగా రెండు సగాలుగా వస్తుంది. ఆ అతుకే అందరి కంటా పడుతుంది. రెండు అంచులనూ గరుకు కాగితం మీద పెట్టి సమంగా రుద్ది, రబ్బరు బ్యాండ్లతో బిగించి, బ్రష్షు కొసతో ద్రవ సిమెంటును అతుకు మీద తాకించండి. అది తనంతట తాను సందులోకి పాకుతుంది.

మన ఎండలో అది పాకే లోపే ఆరిపోతుంది. అందుకని మూడు జాగ్రత్తలు. ఫ్యాను ఆపేయండి. ఒకసారికి రెండు సెంటీమీటర్ల మేరే అతికించండి. సీసా మూత ప్రతిసారీ పెట్టండి. పని తెల్లవారుజామునో రాత్రి తొమ్మిది తర్వాతో పెట్టుకుంటే ఇంకా మంచిది.

అతుకు మీద కాస్త ప్లాస్టిక్ ఉబికి వస్తే సంతోషించండి, లోపల పూర్తిగా కలిసిందని అర్థం. మర్నాడు దాన్ని గీరి, 400, 800, 1200 వరుసలో రుద్దితే గీత మాయమవుతుంది. ఇంకా సందు మిగిలితే నమూనాల కోసం అమ్మే లప్పం పెట్టండి. గోడలకు పెట్టే లప్పం రాలిపోతుంది.

సూపర్ గ్లూను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వేసవంతా పనికొస్తుంది. వాడే ముందు అరగంట బయట పెట్టి, తర్వాతే మూత తీయండి. కిటికీల అద్దాలకు మాత్రం దాన్ని వాడవద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా పొగచూరుతుంది. అద్దాలకు ఫెవికాల్ చుక్క చాలు. ఆరితే కనిపించదు.

6. ఇత్తడి, వైట్ మెటల్

మొదటి కిట్ ప్లాస్టిక్ అయితే ఈ భాగం వదిలి ఏడుకు వెళ్లండి.

ఇత్తడి రేకు మీద టంకం పట్టాలంటే అది తళతళలాడాలి. దీపపు కుందులు తోమినట్టే చింతపండు గుజ్జుతో తోమి, బాగా కడిగి, డిస్టిల్డ్ నీళ్లతో ముగించి తుడవండి. పులుపు ఏమాత్రం మిగలకూడదు.

ముక్కలను రేకు నుంచి వేరుచేసేటప్పుడు సన్‌మైకా ముక్క మీద పెట్టి కత్తితో నొక్కి తెంపండి. మెత్తని మ్యాటు మీద తెంపితే అంచు కిందికి వంగుతుంది. మడత గీత సాధారణంగా మడత లోపలి వైపుకు రావాలి. మడిచే ముందు సూచనల్లో ఒకసారి సరిచూసుకోండి, తప్పుగా మడిచి మళ్లీ విప్పితే అక్కడ రేకు తెగుతుంది. రివెట్లు వెనక నుంచి పొడవాల్సినవైతే మడవకముందే పొడవండి.

టంకంలో అసలు కిటుకు ఒకటే: ఐరన్ మొనతో రేకును వేడి చేయాలి, టంకాన్ని కాదు. ఫ్లక్స్ (టంకం పట్టడానికి పూసే పదార్థం) పూసి, మొనను ఆనించి, రేకు వేడెక్కగానే టంకం వెండి గీతలా అతుకు వెంట పరిగెత్తుతుంది. గుండ్రని బొట్టులా నిలిచిపోయిందంటే వేడి చాలలేదు, లేదా రేకు మీద మురికి ఉంది. పని ముగిసిన ప్రతి పూటా ఫ్లక్స్‌ను సబ్బు నీళ్లతో కడిగేయాలి. మర్నాటికి వదిలేస్తే పచ్చని చిలుము పడుతుంది.

వైట్ మెటల్ ముక్కకు మామూలు వేడి ఐరన్ తగిలితే కళ్లముందే కరిగి కారిపోతుంది. వేడి తగ్గించే వీలున్న ఐరన్, 70 డిగ్రీలకు కరిగే ప్రత్యేక టంకం ఉంటేనే పెట్టండి. లేకపోతే ఆరల్డైట్ చాలు, అందులో తక్కువతనం ఏమీ లేదు. వైట్ మెటల్‌ను ఇత్తడికి కలపాలంటే ముందు ఇత్తడి మీద మామూలు టంకం పలుచగా పూయాలి. ఆ 70 డిగ్రీల టంకం నేరుగా ఇత్తడికి సరిగ్గా పట్టదు. ఆరల్డైట్ మన వేడికి తొందరగా గట్టిపడుతుంది. శనగగింజంత కంటే ఎక్కువ కలపకండి.

టంకంలోనూ వైట్ మెటల్‌లోనూ సీసం ఉండవచ్చు. కిటికీ తెరిచి పనిచేయండి, తినే ముందు చేతులు కడుక్కోండి, రుద్దిన పొడిని తడిగుడ్డతో తుడవండి.

7. రంగుకు ముందు

చట్రం, బాడీ, చక్రాలు, రాడ్లు వేరువేరుగా విప్పండి. మోటారు, బేరింగులు, పిన్నులు టేపుతో కప్పండి. బాడీని మళ్లీ కడిగి, ఆరాక వేళ్లతో తాకకండి. లోపలి నుంచి ఒక పుల్లకు అంటించి, ఆ పుల్లనే పట్టుకోండి.

ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) లేకుండా రంగు వేయవద్దు. ఇత్తడికి లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ కావాలి. కార్ల రంగుల దుకాణంలో దొరికే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) ప్రైమర్ ప్లాస్టిక్‌ను తినేయవచ్చు, అందుకే ముందు ఖాళీ ఫ్రేము ముక్క మీద వేసి చూడండి. బూడిదరంగు ప్రైమర్ వేయగానే అంతవరకు కనిపించని గీతలు, గుంటలు అన్నీ బయటపడతాయి. అది నిరాశపడే సమయం కాదు. వాటిని లప్పంతో పూడ్చి, రుద్ది, మళ్లీ ప్రైమర్ వేయండి. నేను సగటున మూడుసార్లు వేస్తాను.

8. రంగు వేసే రోజు

ఒక మే నెలలో, బయటి గాలి మంచిదని, మేడ మీద నీడలో మధ్యాహ్నం మూడు గంటలకు బాయిలరుకు నలుపు కొట్టాను. నాజిల్ నుంచి ఇంజిన్‌ను చేరే లోపే రంగు బిందువులు గాలిలోనే ఆరిపోయి, పొడిగా వచ్చి అంటుకున్నాయి. వేలితో రాస్తే నల్లని పొడి రాలింది. నెల రోజుల పని మళ్లీ ప్రైమర్ దాకా వెనక్కి పోయింది. అప్పటి నుంచి కింది పట్టిక ప్రకారమే చేస్తున్నాను.

☐ మార్చి నుంచి జూన్ వరకు: ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర లోపు మాత్రమే
☐ జూన్ చివర నుంచి ఆగస్టు వరకు: అనంతపురం వైపు వీచే గాలికి దుమ్ము ఎక్కువ, తలుపులు మూసిన గదిలో
☐ వాన కురిసిన రోజు: లాకర్ రంగులు వద్దు, తేమకు తెల్లని మబ్బు పడుతుంది
☐ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు: ఎప్పుడైనా సరే, ముఖ్యమైన ఇంజిన్లను ఈ నెలలకే ఉంచుకోండి

గదిలో దుమ్ము అణగడానికి అరగంట ముందు నేల మీద కళ్లాపి చల్లినట్టు నీళ్లు చిలకరించండి. పెద్ద అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి అందులో రంగు వేయండి. ఆ గదిలో దీపం, అగరువత్తి, పొయ్యి ఏవీ వెలగకూడదు. థిన్నరు ఆవిరి అంటుకుంటుంది. స్ప్రే డబ్బాను ఎండలో, బండి డిక్కీలో ఎన్నడూ వదలకండి. 50 డిగ్రీలు దాటితే అది పేలే ప్రమాదం ఉంది.

గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ వాడేవారు రంగును పాలంత పలుచగా కలిపి, 15 నుంచి 20 పి.ఎస్.ఐ. ఒత్తిడితో మొదలుపెట్టండి. సూచనల్లో పది, పదిహేను సెంటీమీటర్ల దూరం అని ఉంటుంది. వేసవిలో నేను ఏడెనిమిదికి వస్తాను, రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు కలుపుతాను. రంగు పడిన చోట ఒక క్షణం తడిగా మెరవాలి. మెరవకపోతే దూరం ఎక్కువైంది. కారితే దగ్గరైంది. ప్లాస్టిక్ చెంచా మీద ఈ రెండూ చూసుకున్నాకే ఇంజిన్ మీదికి రండి.

నలుపు విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. సీసాలోని నలుపును అలాగే వేయకండి. ఇంత చిన్న వస్తువు మీద అది బొగ్గు గుంటలా కనిపించి, రివెట్లు, పట్టీలు అన్నింటినీ మింగేస్తుంది. ఎనిమిది పాళ్ల నలుపుకు ఒక పాలు ముదురు గోధుమరంగు, ఒక పాలు బూడిదరంగు కలపండి. ముందున్న పొగపెట్టెకు బూడిదరంగు ఇంకా పెంచి, మెరుపు లేకుండా వేయండి. అసలు ఇంజిన్లో బాయిలరుకు పైన తొడుగు ఉంటుంది, పొగపెట్టెకు ఉండదు. వేడికి అక్కడి రంగు కాలి వెలిసిపోతుంది. ఈ ఒక్క తేడా చూపిస్తే నమూనాకు ప్రాణం వస్తుంది.

అసలు ఇంజిన్లను దగ్గర నుంచి చూడాలంటే మనకు అందుబాటులో ఉన్నది మైసూరు రైలు మ్యూజియం. వెళితే పక్క నుంచి తీసే ఫోటోలతో ఆగకండి. చక్రాల వెనక, చట్రం కింద, క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) లోపల, టెండరు (బొగ్గు, నీళ్లు మోసే బండి) వెనక తీసుకోండి. కిట్ కట్టేటప్పుడు కావలసినవి అవే.

పలుచని పొరలు మూడు వేయండి, పొరకూ పొరకూ మధ్య అరగంట. వేసిన వెంటనే శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. తాకి చూసి ఆరిందనుకోవడం వేరు, లోపల గట్టిపడడం వేరు. టేపు అంటించే ముందు ఒక రోజంతా ఆగాలి, మన ఎండలోనైనా సరే. ఇంజిన్ చివర తాకిడిని ఆపే బఫర్ల పట్టీకి ఎరుపు వేయాలంటే దాని కింద తెల్లని పొర ఉండాలి, లేకపోతే ఎరుపు మురికిగా కనిపిస్తుంది.

రాడ్లకు వెండిరంగు వేయకండి. అవి నూనె పట్టిన ఉక్కు. లోహపు రాడ్లయితే ఊరికే రుద్ది వదిలేయండి. ప్లాస్టిక్ అయితే ఉక్కు రంగు వేసి పైన పలుచని గోధుమరంగు నీళ్లు తుడవండి.

9. అంకెలు, అక్షరాలు

నీళ్లలో నానబెట్టి జరిపే స్టిక్కర్లు గరుకు తలం మీద అతుక్కోవు, కింద గాలి చేరి వెండిలా మెరుస్తుంది. ముందు నిగనిగలాడే వార్నిష్ వేయండి, స్టిక్కరు పెట్టండి, మర్నాడు మళ్లీ వార్నిష్ వేయండి, చివరగా మెరుపు తగ్గించండి. ఇక్కడ బోరు నీళ్లు వాడితే అంకె చుట్టూ తెల్లని వలయం మిగిలిపోతుంది. డిస్టిల్డ్ నీళ్లే వాడండి.

సొంతంగా అచ్చు వేయించుకునేవారికి ఒక హెచ్చరిక: మామూలు ప్రింటరులో తెలుపు రంగు ఉండదు. నల్ల ఇంజిన్ మీద తెల్ల అంకెలు కావాలంటే తెల్లని స్టిక్కరు కాగితం మీద నల్లని నేపథ్యంతో అచ్చు వేయాలి.

10. మసి, నూనె, సున్నపు చారలు

కొత్తగా మెరిసే ఇంజిన్ కావాలంటే ఇక్కడ ఆపేయండి. పనిచేసిన ఇంజిన్ కావాలంటే కొంచెం చాలు.

లవణాలు ఎక్కువగా ఉన్న నీళ్లు వాడిన ఇంజిన్లకు సేఫ్టీ వాల్వు కింద, ఈల కింద, నీళ్లు బాయిలరులోకి వెళ్లే వాల్వు కింద తెల్లని చారలు పడతాయి. ఆ రంగు ఎలా ఉండాలో మీ ఇంట్లోనే ఉంది. బోరు నీళ్ల బకెట్టు లోపలి అంచు చూడండి. పూర్తి తెలుపు కాదు, కొంచెం పసుపు, కొంచెం మట్టి. ఆ రంగును బాగా పలుచగా కలిపి, సన్నని బ్రష్షుతో పై నుంచి కిందికి ఒక్క గీత గీసి, తడి ఆరకముందే కింది చివరను వేలితో చెదరగొట్టండి. రెండు మూడు చారలకు మించవద్దు.

టెండరులో ప్లాస్టిక్ బొగ్గును చూస్తే ప్లాస్టిక్ అనే తెలుస్తుంది. రాతిబొగ్గు ముక్క దొరికితే గుడ్డలో చుట్టి నలగ్గొట్టి, టీ వడకట్టే జల్లెడలో జల్లించండి. దాంట్లోంచి జారినది వదిలేసి, మిగిలినదాంట్లో ఒకటి నుంచి రెండు మి.మీ. ముక్కలు ఏరుకోండి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పోస్తే నిలబడుతుంది. ఇస్త్రీ బండి దగ్గర దొరికే కట్టె బొగ్గుకు రాతిబొగ్గు మెరుపు ఉండదు, పైన కొద్దిగా వార్నిష్ చల్లాలి.

11. తప్పులు, సవరణలు

రంగు నారింజ తొక్కలా వచ్చింది: రెండు రోజులు ఆగి, 1500 గరుకు కాగితాన్ని సబ్బు నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి. రివెట్ల దగ్గర ఆగండి. పలుచగా మళ్లీ ఒక పొర.

రంగు కారింది: తుడవకండి. తుడిస్తే వేలిముద్ర కూడా చేరుతుంది. పూర్తిగా ఆరాక రుద్దండి.

టేపుతో పాటు రంగు లేచి వచ్చింది: కింద జిడ్డు ఉంది, లేదా ప్రైమర్ పట్టలేదు. అతుకు వేసినా మచ్చ కనిపిస్తుంది. ఆ భాగమంతా తీసేసి మళ్లీ వేయడమే మేలు. ప్లాస్టిక్ మీది ఆక్రిలిక్ రంగును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో తోమవచ్చు. అసిటోన్ వద్దు, ఇంజిన్ కూడా కరిగిపోతుంది.

ఇంజిన్ నడుస్తూ చక్రాలు ఒకేచోట జారుతున్నాయి: బరువు చాలలేదు. టైర్ల దుకాణంలో చక్రాల బ్యాలెన్సింగ్‌కు వాడే చిన్న బరువులు తెచ్చి బాయిలరు లోపల అంటించండి. బరువు నడిమి చక్రాల మీద పడాలి, ముందుకో వెనక్కో ఒరగకూడదు.

రంగు వేశాక చట్రం మళ్లీ పట్టేస్తోంది: బేరింగులోకో రాడ్డు రంధ్రంలోకో రంగు చేరింది. పుల్ల మొనకు థిన్నరు అద్ది శుభ్రం చేయండి. రంధ్రాన్ని మళ్లీ పెంచవద్దు.

12. చివరి బిగింపు, తొలి పరుగు

చట్రం, చక్రాలు, రాడ్లు, మోటారు, బాడీ, కిటికీ అద్దాలు, చేతిపట్టీలు. ఈ వరుసలోనే కలపండి. ప్రతి దశ తర్వాతా వేలి పరీక్ష.

మోటారు ఇంజిన్ అయితే రైలుపెట్టెలు తగిలించకుండా, సగం వేగంతో, ముందుకు అరగంట, వెనక్కు అరగంట నడిపించండి. మధ్యలో ఆపి మోటారును తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే ఎక్కడో పట్టేస్తోంది, 4.5కు వెళ్లండి.

అద్దాల పెట్టెలో, ఎండ పడని గోడ వైపు ఉంచండి. పడమటి కిటికీ దగ్గర పెట్టిన ప్లాస్టిక్ ఇంజిన్ రెండు వేసవుల్లో వంగిపోతుంది.

మూడు నెలలకోసారి తీసి, ప్రతి ఇరుసుకూ కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్క చుక్క పెట్టండి. రెండో చుక్క పెడితే అది చక్రం అంచుకు జారి, పట్టాల మీద పట్టు పోతుంది.